అలక గది గడియ

కార్తీకం, తలుపు మూసిన రోజు

మధ్యాహ్నం పైతలుపు మూసేశాం. మూసేముందు అందరం మెట్లమీద నిలబడి ఒకసారి ఆకాశం చూడాలని ఆనవాయితీ. చూడ్డానికేముంది, గొడుగు వెనక సూర్యుడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఈ కొండమీద ఎండకి మనుషులు పడిపోయేవారట. ఆ ఎండ ఆపుదామని ఆకాశానికి అడ్డంగా గొడుగులాంటి తెర పరిచారు. పరిచినవాళ్ళకి మళ్ళీ మడవడం చేతకాలేదు. ఇప్పుడు కార్తీకంలో మొదలైన మంచు ఫాల్గుణం దాకా వదలదు. ఆ నాలుగు నెలలూ నేలలో సగం కప్పెట్టిన చలిళ్ళలో, నాలుగైదు కుటుంబాలకి ఒకటి చొప్పున బతకాలి.

రోజుపుస్తకం రాసే పని ఎవరికీ వద్దు. నేను అడగ్గానే సంతోషంగా ఇచ్చేశారు. మంచు కరిగాక దీన్ని ఆఫీసులో అప్పజెప్పాలి. అక్కడ వీటిని పొయ్యిలో పెట్టి టీ కాచుకుంటారని కొండమీద అందరికీ తెలుసు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను ఈ చలింట్లో కావాలని పేరు రాయించుకున్నాను. గౌరినాయుడు ఇక్కడే ఉంటాడు కాబట్టి. అతనే ఈ ఇంటికి పెద్ద, వేడిగొట్టాలు చూసేదీ అతనే. పోయిన చలికాలం మా చెల్లి దాలమ్మ ఈ ఇంట్లోనే, అలక గదిలో చచ్చిపోయింది. అప్పుడు నేను అవతలి కొండ చలింట్లో ఉన్నాను. మంచు కరిగి తలుపులు తెరిచాకే నాకు తెలిసింది. గౌరినాయుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అలకలోనే గుండాగిపోనాది, పాపం" అన్నాడు. మంచులో దాచిన శవానికి స్నానం చేయించింది నేను. రెండు చేతుల వేళ్ళ కణుపులూ చిట్లిపోయి ఉన్నాయి. బయటికి రావడం ఇష్టంలేని మనిషి తలుపు ఎందుకు కొడుతుంది?

ఇవాళ నన్ను మెట్ల దగ్గరే పట్టుకుని, "ఒలే రత్తం, వొచ్చేవా తల్లీ. మీ సెల్లి లేని లోటు నువ్వే తీర్సాల" అన్నాడు. చెయ్యి పట్టుకుని దింపాడు. అతని అరచెయ్యి వెచ్చగా ఉంది. ఆ చేతిని కొరకాలనిపించింది.

మార్గశిరం, సోమవారం

పనుల్లో పడ్డాం. పొద్దున్నే ఇద్దరు పైకెక్కి గాలిగొట్టం చుట్టూ మంచు తోడాలి. తరవాత కోళ్ళు, దీపాల కింద ఆవమొక్కలు, అంబలికి చోళ్ళు విసరడం. సాయంత్రం అందరూ హాల్లో. వంట చూసేది కొండమ్మత్త. అంబలి తప్ప ఇంకేదైనా అడిగితే గరిటె చూపిస్తుంది.

అప్పుడే ఒక అలక అయిపోయింది. వరాలు పనసగింజలు చప్పుడు చేస్తూ నముల్తోందని ఆమె మొగుడు ఎర్రయ్య దుప్పటి చంకన పెట్టుకుని అలక గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. ప్రతి చలింట్లోనూ ఈ గది ఉంటుంది. మంచం పట్టేంత గది, దానికో చెక్క తలుపు, లోపల్నుంచి ఇనప గడియ. లోపలున్నవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. గిన్నె గడపలో పెట్టి వచ్చేయాలి. తలుపు బయటినుంచి తియ్యకూడదు, అలిగినవాళ్ళే గడియ తీసుకుని రావాలి. వచ్చాక ఎందుకు అలిగావని అడక్కుండా చేతిలో బెల్లంముక్క పెడతారు. ఈ పద్ధతే లేకపోతే చలికాలం ముగిసేసరికి సగం ఇళ్ళలో ఒకళ్ళనొకళ్ళు నరుక్కునేవారని పెద్దలంటారు. నిజమే కావచ్చు. నేనూ దీన్ని నమ్మి పెరిగినదాన్నే.

ఎర్రయ్య మర్నాడు సాయంత్రానికి బయటికొచ్చి బెల్లం తిన్నాడు. వరాలు అతని ముందే కూచుని మళ్ళీ గింజలు నమిలింది.

మార్గశిరం, పౌర్ణమి వెళ్ళాక

వేడిపని నేర్చుకుంటానని గౌరినాయుణ్ణి అడిగాను. మురిసిపోయాడు. వంటగది వెనక సందులో గొట్టాలన్నీ ఒకచోట కలుస్తాయి. భూమి లోతుల్లోంచి వేడినీళ్ళు పైకొచ్చి గది గదికీ పంచుకుంటాయి. ఏ గదికి ఆ గదికి ఒక చక్రం. అతను ప్రతి చక్రాన్నీ గుడ్డతో తుడుస్తూ చెప్పుకుపోయాడు. చివర చిన్న చక్రం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"ఇది అలక గదిది. ఎవులికీ సెప్పకు. అలక మరీ ముదిరిపోతే దీన్ని కూసింత బిగిత్తాను. సలెక్కువై ఆల్లే బేగి వొచ్చేత్తారు. తిట్టక్కర్లేదు, బతిమాలక్కర్లేదు."

"దాలికీ బిగించేవేటి మావా?"

గుడ్డ ఒక్క క్షణం ఆగింది. "కూసింతే అమ్మా. అందరికీ బిగించినట్టే" అన్నాడు. తరవాత కోడిపుంజు మీద ఏదో జోకు వేసి తనే నవ్వాడు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే చక్రం చూసుకున్నాను. ఎడమకి తిప్పితే వేడి, కుడికి తిప్పితే చలి. నాకిప్పుడు కావాల్సింది ఒక్కటే. గౌరినాయుడు అలగాలి. అలిగి, ఆ గదిలోకి పోయి, తన చేత్తో గడియ పెట్టుకోవాలి.

పుష్యం, మొదటి వారం

అలగడు. ఈ మనిషికి ఆ నరం లేనట్టుంది.

అతని అంబలిలో గుప్పెడు ఉప్పు కలిపాను. "కొండమ్మొదినికి ఇయ్యాల నా మీద పేమెక్కువైనాది" అని గిన్నె నాకేశాడు. పులిజూదంలో మేకని దొంగతనంగా జరిపి అతని పులుల్ని కట్టేశాను. నేను జరపడం చూశాడు కూడా. "దొంగముండా, మీ సెల్లీ ఇలగే ఆడేది" అని వీపు తట్టాడు. అతని ఉన్నిజోళ్ళు కోళ్ళగూట్లో పడేశాను, వాటిలో గుడ్డు పెట్టిన కోడిని చంకలో పెట్టుకుని ఊరేగించాడు. వాగుడుకాయని ముఖంమీదే అన్నాను. "మరేటనుకున్నావు" అని ఇంకో గంట వాగాడు.

అతని మాట లేకపోతే ఈ ఇల్లు గడవదు. అదీ నా ఒళ్ళు మండించే సంగతి. రోజంతా ముఖాలు ముడుచుకున్నవాళ్ళు సాయంత్రం అతను గొంతు సవరించుకోగానే అటు తిరుగుతారు. నేనూ తిరుగుతాను. తిరిగాక నన్ను నేను తిట్టుకుంటాను.

పుష్యం, మూడో వారం

తలుపు మూసుకుని ఉండి ఉండి పట్టే మూతపిచ్చి మొదలైంది. ఏటా ఉండేదే గాని ఈసారి ముదురుగా ఉంది. మంచు ఆగకుండా పడుతోంది, గాలిగొట్టం పొద్దున తోడితే మధ్యాహ్నానికి మళ్ళీ పూడుకుపోతోంది. వరాలు ఒకే దుప్పటిని మడతపెడుతోంది, విప్పుతోంది, మడతపెడుతోంది. ఎర్రయ్య కోళ్ళతో వాదనకి దిగుతున్నాడు. దువ్వెన ఎవరు విరగ్గొట్టారని ఇద్దరు ఆడవాళ్ళు మాటలు మానేశారు. అలక గది ఖాళీ ఉండటంలేదు. ఒకళ్ళు బయటికి రాగానే ఇంకొకళ్ళు దుప్పటితో తయారు. బెల్లం అడుగంటింది.

గౌరినాయుడికి మాత్రం ఏమీ కాలేదు. చక్రం బిగించే పని కూడా అతనికి పడలేదు. లోపలికి పోవడానికి బయట ఇంకొకరు కాచుకుని ఉంటే ఎవరి అలకైనా తొందరగానే తీరుతుంది.

నాకూ పిచ్చి పట్టింది. రాయడానికి సిగ్గెందుకు. మంచంమీద పడుకుని దాలి తలుపు కొట్టడం వింటున్నాను. లేదని తెలుసు. అయినా వింటున్నాను.

పుష్యం, అమావాస్య

ఇవాళ అలిగాడు.

నేను పన్నిన పన్నాగం కాదు. సాయంత్రం ముగ్గుపిండి కథ ఎత్తుకున్నాడు. అతని చిన్నతనంలో కొండమీద పడ్డ మొదటి మంచు కథ. మంచంటే ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంటిముందు తెల్లగా పడి ఉంటే ముగ్గుపిండి అనుకుని, గంపెడు ఎత్తుకుని తల్లి కోసం వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. కాసేపటికి పిండి లేదు, పొయ్యి లేదు, వీపున దెబ్బలు మిగిలాయి. ఈ చలికాలంలో ఎన్నోసారో మరి. ఎవరూ నవ్వలేదు. గంప ఎత్తుకునే చోట అతను కాస్త ఊపిరి తీసుకున్నాడు.

ఆ సందులో నేను అందుకున్నాను. ఎందుకు అందుకున్నానో తెలియదు. అతని గొంతుతో, అతని చేతులూపుడుతో, పొట్ట ముందుకు పెట్టి నడుస్తూ చెప్పాను. నెత్తిమీద గంపలోంచి నీళ్ళు కారుతుంటే చెమటనుకుని తుడుచుకున్నట్టు చేశాను. చివర్లో అతను ఎప్పుడూ చెప్పని మాట ఒకటి నోట్లోకి వచ్చింది.

"అమ్మా, పిండి ఏడుస్తంది."

హాలంతా నవ్వుతో పగిలిపోయింది. కొండమ్మత్త గరిటె పడేసి కడుపు పట్టుకుంది. వరాలు దుప్పటిలో ముఖం దాచుకుని ఊగిపోయింది. దువ్వెన ఆడవాళ్ళిద్దరూ ఒకళ్ళ భుజంమీద ఒకళ్ళు పడ్డారు. "మళ్ళీ సెప్పవే రత్తం, ఆ పిండేడ్సిన కాడ" అని ఎర్రయ్య బతిమాలాడు. మళ్ళీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

గౌరినాయుడు కూడా మొదట నవ్వాడు. తరవాత నవ్వు ముఖంమీద అలాగే ఉండిపోయింది. ఎవరూ అతనివైపు చూడటంలేదు. లేచి దుప్పటి మడిచాడు. గొట్టాల సందు తాళం నా ఒళ్ళో పడేసి, "ఇంక కతలూ నువ్వే, గొట్టాలూ నువ్వే. సూసుకో" అన్నాడు. అలక గది తలుపు మూసుకుంది. గడియ పడ్డ చప్పుడు విన్నాను.

కొండమ్మత్త నోరు తెరుచుకుని చూసింది. "గౌరి అలగడమేటే" అంది.

మాఘం, పాడ్యమి

పొద్దున అందరూ అంబలి తాగుతుంటే సందులోకి పోయాను. చిన్న చక్రం కుడికి తిప్పాను. అతనిలా కూసింత కాదు, ఇంక తిరగనంత దాకా. గొట్టంమీద అరచెయ్యి పెట్టి అది చల్లబడేదాకా నిలబడ్డాను. తరవాత వచ్చి నా వంతు అంబలి తాగాను. రుచిగా ఉంది.

మాఘం, విదియ

మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు చప్పుడైంది.

అందరి చేతులూ గిన్నెల్లో ఆగిపోయాయి. దబదబా కొట్టాడు. ఆగాడు. మళ్ళీ కొట్టాడు.

"కొట్టనీండి. కోపం సల్లారితే ఆడే వొస్తాడు" అంది కొండమ్మత్త. అనేసి, తన మాట తనకే తగిలినట్టు గిన్నె కింద పెట్టేసింది. ఎర్రయ్య తల ఎత్తలేదు.

"పోయినేడు ఈ మాట అన్నదెవరు?" అని అడిగాను.

"గౌరి" అంది ఆమె. "గౌరంటే మేవూ ఊరుకున్నాం."

"అందరికీ వినిపించిందా?"

నేను ఎర్రయ్య ముందుకెళ్ళి నిలబడ్డాను. "ఇలాగే కొట్టిందా?"

"ఇంతకంటే మెత్తగా కొట్టినాది" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఒక్కడి మీద పెట్టుకున్న కసి ఇప్పుడు పదిమందికి పంచాల్సి వచ్చింది. లోపలినుంచి గౌరినాయుడు అరుస్తున్నాడు, "గడియ రాట్లేదు, మంచు పట్టేసినాది, ఎవులైనా తియ్యండి." అప్పుడు అర్థమైంది. గది చల్లబడితే లోపలి మనిషి ఊపిరి తడి ఇనుముమీద గడ్డకడుతుంది. దాలి అలక మానేసింది. బయటికొచ్చి బెల్లం తినాలనుకుంది. గడియ రాలేదు. కొట్టింది. ఇక్కడ కూచున్నవాళ్ళు అది కోపమనుకుని అంబలి తాగారు.

గౌరినాయుడి కొట్టుడు నెమ్మదించింది. ఎవరూ లేవలేదు. ఇంకాసేపు ఊరుకుంటే నా పని అయిపోయేది. ఆ చప్పుడు తగ్గే కొద్దీ నాకు ఒకటే తోచింది. చస్తే వీడికి ఇంక ఏదీ వినిపించదు. ఒక్క పూటతో తీరిపోతుంది. దాలికి నేను ఏడ్చింది ఒక్క పూట కాదు.

గొడ్డలి తెచ్చి తలుపు పగలగొట్టాను. జాలని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళిష్టం.

నీలంగా అయిపోయాడు. బయటికి లాగి దుప్పట్లు కప్పాం, కొండమ్మత్త కాళ్ళు రుద్దింది. తేరుకున్నాక అలవాటుగా అరచెయ్యి చాపాడు. అలక గదిలోంచి వచ్చినవాళ్ళు బెల్లంముక్క కోసం చాపినట్టే. తలుపుతోపాటు విరిగిన గడియముక్క తెచ్చి ఆ చేతిలో పెట్టాను. దానిమీద మంచు ఇంకా గట్టిగానే ఉంది.

"దాలి కొట్టడం నీకు వినిపించిందా మావా?"

"ఇనిపించినాది."

"తరవాత ఆగిపోయే ఉంటుంది కదా. అప్పుడేం అనుకున్నావు?"

"అలక తీరి తొంగున్నాదనుకున్నాను" అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నావైపు చూసి, "సెక్రం నువ్వే కట్టీసినావు" అన్నాడు.

"కూసింతే మావా. అందరికీ బిగించినట్టే."

మాఘం, రథసప్తమి

సూర్యుడి పండగ పేరుకి చేసుకున్నాం. పైతలుపు కింద నిలబడి అందరూ దణ్ణం పెట్టారు.

గౌరినాయుడు కోలుకున్నాడు. కోలుకున్న రోజే మొదలైంది. ఎవరూ నిర్ణయించింది కాదు. కొండమ్మత్త అతన్ని తిందువుగాని రమ్మని పిలవలేదు. గిన్నె తెచ్చి అతనికి బారెడు దూరంలో నేలమీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అలక గది గడపలో పెట్టినట్టు. తరవాత వరాలూ అంతే, ఎర్రయ్యా అంతే. అతను హాలు మధ్యలో కూచుని ఉంటాడు, అందరూ అతని చుట్టూ తలుపు ఉన్నట్టు తప్పుకుని నడుస్తారు. పలకరిస్తే పక్కకి తిరుగుతారు. చక్రం తిప్పినదాన్ని నేనని అందరికీ తెలుసు, నన్ను ఒక్క మాట అనలేదు. పైగా ముందు నాకే వడ్డిస్తున్నారు.

వీళ్ళు ఇంత తొందరగా ఎందుకు కలిసొచ్చారో నాకు తెలుసు. విన్నవాళ్ళంతా తమ వాటా కూడా అతని నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. ప్రస్తుతానికి దులుపుకోనిస్తున్నాను.

నాకు బాగుంది. తలుపు మూశాక ఇంత హాయిగా నిద్రపట్టడం ఇదే.

మాఘం, చివరి వారం

అతను కోళ్ళతో మాట్లాడుతున్నాడు. నిన్న వాటి ముందు కూచుని ముగ్గుపిండి కథ మొదట్నుంచీ చెప్పాడు. హాల్లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టే వీపులు తిప్పి కూచున్నాం. తిరగలి మాత్రం ఆగిపోయింది. గంప దగ్గరికొచ్చేసరికి వరాలు భుజాలు కదిలాయి, దగ్గినట్టు చేసింది. చివర్లో, "అమ్మా, పిండి ఏడుస్తంది" అన్నాడు. నా మాటని తన కథలో కలుపుకున్నాడు. నాకంటే బాగా అన్నాడు. అని, నావైపు చూశాడు.

పెదవి కొరుక్కున్నాను. ఈ కథ నేను మొదట విన్నది దాలి నోట. వేసవిలో బావిగట్టు మీద కూచుని గౌరి మావ ఇలా చెప్పాడని అభినయించి చూపించేది. అతనంటే దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. అందుకే నాకు కోపం ఇంకా ఎక్కువ.

ఆ తరవాత ఇల్లు మరీ మూగబోయింది. కథల్లేవు, ఆటల్లేవు. నన్ను చెప్పమన్నారు, నాకు రాలేదు. మూతపిచ్చి పట్టినవాళ్ళు పోవడానికి అలక గది కూడా లేదు, తలుపు లేని గదిలో ఎవరు అలుగుతారు.

ఫాల్గుణం, మొదటి రోజు

గౌరినాయుడు పొద్దున తన దుప్పటి తీసుకుని ఆ తలుపులేని గదిలోకి పోయి గోడకి ఆనుకుని కూచున్నాడు. మాటలు లేకపోవడం పద్ధతి అయిన చోటు ఇంట్లో అదొక్కటే కదా. అందరికీ ఊపిరాడింది. చక్రం నేనే చూశాను, వేడి బాగానే వెళ్తోంది. చలికి చావడు.

మధ్యాహ్నం నేనే గిన్నె తీసుకెళ్ళి గడపలో పెట్టాను. అతని ఒళ్ళో గడియముక్క ఉంది. చిక్కిపోయాడు. వచ్చేశాను.

అందరం కూచుని తింటున్నాం. పైన ఎక్కడో ఈ ఏటి మొదటి నీటిబొట్టు పడిన చప్పుడైంది. ఎర్రయ్య తల పైకెత్తి, వచ్చే ఏడు ఏ ఇంట్లో పేరు రాయించుకుంటావని నన్ను అడిగాడు. ఇదే ఇంట్లో, మీ అందరితోనే అన్నాను. అతను మళ్ళీ గిన్నెలోకి చూసుకున్నాడు.

అప్పుడు అలక గదిలోంచి చప్పుడు మొదలైంది. తియ్యడానికి అక్కడ తలుపు లేదు. గడియముక్కతో గోడమీద కొడుతున్నాడు, చాలా మెత్తగా. ఆగి ఆగి కొడుతున్నాడు. ఒక్క మాట కోసమని ఇక్కడ అందరికీ తెలుసు.

చేతులు గిన్నెల్లో ఆగిపోయాయి. కొండమ్మత్త సగం లేచి నావైపు చూసింది.

"కొట్టనీ అత్తా" అన్నాను.